పిల్లిపిల్ల పేరు మోసిన సహాబీ: హజ్రత్ అబూ హురైరా (రజి)

హదీసు గ్రంథం తెరిచిన వారికి మొట్టమొదట పరిచయమయ్యే పేర్లలో హజ్రత్ అబూ హురైరా (రజియల్లాహు అన్హు) పేరు ఒకటి. జుమా బయాన్‌లో, మక్తబ్‌లో పిల్లలకు నేర్పే 40 హదీసుల పుస్తకంలో, ఇళ్ళలో సాయంత్రం జరిగే తాలీమ్‌లో ఆ పేరు వినబడుతూనే ఉంటుంది. అయితే ఆ పేరుకు అర్థం ఏమిటని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. అరబ్బీలో హిర్రహ్ అంటే పిల్లి. హురైరా అంటే చిన్న పిల్లి, పిల్లికూన. అబూ అంటే తండ్రి. దేనితోనైనా విడదీయరాని సంబంధం ఉన్నవారిని కూడా అరబ్బులు ఆ మాటతో పిలుస్తారు. అంటే ఆ మహనీయుని పేరు మన భాషలో పిల్లిపిల్లల అయ్య అన్నమాట.

ఆయన జీవితాన్ని ఈ నెల తీసుకోవడానికి ఒక కారణం ఉంది. హైదరాబాదు వంటి నగరాలలో గాయపడిన జంతువులను, దిక్కులేని జంతువులను చేరదీసే కేంద్రాలు ఉన్నాయి. 1992లో మొదలైన హైదరాబాద్ బ్లూ క్రాస్ వాటిలో పేరున్నది. చదువు కోసమో, ఉద్యోగం కోసమో నగరం చేరిన మన పిల్లలలో కూడా కొందరికి ఇటువంటి సేవ మీద మనసు పోతోంది. గూళ్ళు కడగడం, మందు వేయడం, తల్లి లేని కూనలకు సీసాతో పాలు పట్టడం వారి పని. రోజూ చూసే మూగప్రాణి మీద మమకారం పెరగకుండా ఎలా ఉంటుంది? తీరా అది పెంచుకునేవారి ఇంటికి వెళ్ళిపోయినా, జబ్బు చేసి కన్ను మూసినా నాలుగు రోజులు ముద్ద దిగదు. ఇంట్లో పెద్దలు నవ్వుతారు. మనుషులకే దిక్కులేని రోజుల్లో పిల్లి మీద ఏడుపేమిటని కసురుతారు. అప్పుడు ఆ పిల్లల మనసులో ఒక అనుమానం పుడుతుంది. ఒక జంతువు మీద ఇంతగా మనసు పెట్టుకోవడం దీన్ దృష్టిలో వ్యర్థమా, తప్పా?

మసాయిల్ శీర్షికలో అయితే దీనికి రెండు వాక్యాల జవాబు చాలు. కానీ పిల్లిపిల్ల పేరును జీవితాంతం మోసిన ఒక సహాబీ జీవితంలో ఇంతకన్నా విపులమైన జవాబు ఉంది.

హజ్రత్ అబూ హురైరా (రజి) దౌస్ తెగకు చెందినవారు. తాయిఫ్‌కు దక్షిణంగా యెమెన్ వైపు సాగే కొండల వరుసలో ఆ తెగ నివసించేది. ఇస్లాం స్వీకరించక ముందు ఆయన పేరు అబ్ద్ షమ్స్, అంటే సూర్యుని దాసుడు అని ఎక్కువమంది రాశారు. తరువాత అది అబ్దుర్రహ్మాన్ అయింది. తండ్రి పేరు సఖ్ర్, తల్లి పేరు ఉమైమా. నిజానికి ఆయన అసలు పేరు విషయంలో పండితుల మధ్య చాలా భేదాభిప్రాయాలున్నాయి. ముద్దుపేరు అసలు పేరును మింగేసింది మరి!

తండ్రి లేని బిడ్డగా పెరిగారు. తమ ఇంటివారి గొర్రెలు, మేకలు కాసేవారు. ఆ రోజులలో ఆయన దగ్గర ఒక చిన్న పిల్లిపిల్ల ఉండేది. రాత్రి కాగానే దాన్ని ఒక చెట్టు మీద ఉంచేవారు. తెల్లవారి మందను తోలుకుని పోయేటప్పుడు దాన్నీ వెంట తీసుకెళ్ళి, మేపు దగ్గర దానితో ఆడుకునేవారు. ఇది చూసి ఇంటివారు ఆయన్ను అబూ హురైరా అని పిలవసాగారు. ఈ సంగతి ఆయనే స్వయంగా చెప్పగా ఇమామ్ తిర్మిజీ తమ గ్రంథంలో నమోదు చేశారు. ఆయన ఒక పిల్లిని చూసి, ఎత్తి తమ అంగీ చేతిలో పెట్టుకున్నారని, అది చూసినవారు ఈ పేరు పెట్టారని మరో కథనంలో ఉంది.

పశువుల కాపరి దగ్గర కుక్క ఉంటే మందకు కాపలా అవుతుంది. పిల్లికూన వల్ల కొండ మీద ఏం లాభం? అక్కడ గాదె లేదు, గాదెలో ఎలుకలూ లేవు. అయినా ఆ కాపరి దాన్ని పొద్దున మరిచిపోలేదు, రాత్రి నేల మీద వదిలిపెట్టలేదు. చెట్టు మీద ఉంచడం ఏ తోడేలో, నక్కో ఎత్తుకుపోకుండా తీసుకున్న జాగ్రత్త కావచ్చు. ప్రేమ అంటే ఆడుకోవడం ఒక్కటే అయితే ఆ రాత్రి ఏర్పాటు అవసరం ఉండేది కాదు.

ఆ తరువాత ఆ పిల్లిపిల్ల ప్రస్తావన గ్రంథాలలో కనిపించదు. పేరు మాత్రం మిగిలింది. సాధారణంగా చిన్ననాటి ఎగతాళి పేరును మనిషి పెద్దయ్యాక వదిలించుకోవాలని చూస్తాడు. ఆయన అలా చేయలేదు. పైగా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆయన్ను అబూ హిర్ర్ అని పిలిచేవారు. హిర్ర్ అంటే మగపిల్లి. ప్రవక్త (స) నోట వచ్చిన ఆ పిలుపే తనకు ఎక్కువ ఇష్టమని ఆయన అనేవారు. ఏదైతేనేం, రెండింటిలోనూ పిల్లి ఉంది.

దౌస్ తెగకు ఇస్లాం సందేశం తెచ్చినవారు ఆ తెగ నాయకుడు, కవి హజ్రత్ తుఫైల్ బిన్ అమ్ర్ (రజి). చాలాకాలం ఆయన మాట విన్నవారు కొద్దిమందే. విసిగిపోయిన తుఫైల్ (రజి) ప్రవక్త (స) వద్దకు వచ్చి తమ జాతిని శపించమని కోరితే, ప్రవక్త (స) దౌస్ వారికి సన్మార్గం ప్రసాదించమని, వారిని తన వద్దకు చేర్చమని దుఆ చేశారు. హిజ్రీ 7వ సంవత్సరంలో, ఖైబర్ యుద్ధ సమయంలో, దౌస్ కుటుంబాలు మదీనా చేరుకున్నాయి. వారిలో దాదాపు 30 ఏళ్ళ వయసున్న అబూ హురైరా (రజి) ఉన్నారు. దారిలో ఆయన సేవకుడు ఒకడు తప్పిపోయాడు. ఆయన ప్రవక్త (స) సన్నిధిలో బైఅత్ చేసి కూర్చున్న సమయంలోనే వాడు వచ్చాడు. అల్లాహ్ కోసం అని అక్కడికక్కడే వాణ్ణి స్వేచ్ఛగా వదిలేశారు.

మదీనాలో ఆయనకు ఇల్లు లేదు, వ్యాపారం లేదు, పొలం లేదు. మస్జిదె నబవీకి ఆనుకొని సుఫ్ఫా అనే పందిరి నీడ ఉండేది. ఇల్లూ వాకిలీ లేని ముహాజిర్లు అక్కడ తలదాచుకునేవారు. ఆయన చూసిన సుఫ్ఫావారిలో 70 మందికి ఒంటి నిండా కప్పుకోవడానికి వస్త్రం లేదు. ఉన్న ఒక్క బట్టను మెడకు కట్టుకుంటే కొందరికి మోకాళ్ళ కిందికి వచ్చేది, కొందరికి మడమల దాకా వచ్చేది. మానం కనబడుతుందేమోనని చేత్తో పట్టుకునేవారు. సదఖా వస్తే ప్రవక్త (స) మొత్తం వారికే పంపేవారు. కానుక వస్తే వారిని పిలిచి పంచుకునేవారు. స్తోమత ఉన్న సహచరులు సాయంత్రం ఒకరినో ఇద్దరినో తమ ఇంటికి భోజనానికి తీసుకుపోయేవారు.

సహాబాల స్థితిని మూగజీవాల స్థితితో పోల్చే ధైర్యం నాకు లేదు, అల్లాహ్ క్షమించుగాక. చెప్పదలచింది ఇంతే: తలుపు వైపు చూస్తూ, ఎవరైనా వచ్చి తీసుకుపోతారా అని ఎదురుచూడడం ఎలా ఉంటుందో హజ్రత్ అబూ హురైరా (రజి)కి పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు. ఆకలికి పొట్టకు రాయి కట్టుకున్నారు. మింబర్‌కు, హజ్రత్ ఆయిషా (రజి) గదికి మధ్య స్పృహ తప్పి పడిపోతే, పిచ్చి పట్టిందనుకుని వచ్చేపోయేవారు మెడ మీద కాలు పెట్టేవారు. అది పిచ్చి కాదు, ఆకలి.

ఒకనాడు ఆకలికి తాళలేక జనం నడిచే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) వస్తే ఖుర్ఆన్ ఆయతు ఒకటి అడిగారు. ఆయతు తెలియక కాదు, మాటల మీద ఇంటికి తీసుకుపోతారేమోనని. ఆయన జవాబు చెప్పి వెళ్ళిపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) కూడా అంతే. చివరికి ప్రవక్త (స) వచ్చారు. ముఖం చూడగానే సంగతి గ్రహించి చిరునవ్వు నవ్వారు. అబూ హిర్ర్ అని పిలిచి ఇంటికి తీసుకుపోయారు. ఇంట్లో ఒక గిన్నెడు పాలు ఉన్నాయి. అయితే ముందు సుఫ్ఫావారందరినీ పిలుచుకు రమ్మన్నారు. గిన్నెడు పాలు అంతమందికి ఎలా సరిపోతాయి, పంచేవాణ్ణి నేనే కాబట్టి నాకు ఏం మిగులుతుంది అని ఆయన మనసు చివుక్కుమంది. ఈ సంగతి ఆయన దాచుకోలేదు. ఆజ్ఞ మేరకు అందరినీ పిలిచారు, ఒక్కొక్కరికీ గిన్నె అందించారు. అందరూ కడుపు నిండా తాగారు. ఆఖరున ప్రవక్త (స) ఆయన్ను కూర్చుని తాగమన్నారు. తాగితే మళ్ళీ తాగమన్నారు. ఇక లోపల చోటు లేదని ఒట్టు పెట్టేదాకా తాగించి, మిగిలినది అల్లాహ్‌ను స్తుతించి తాము తాగారు.

ఈ గిన్నె దగ్గర నేర్చుకున్నది ఆయన జీవితమంతా కనిపిస్తుంది. తల్లి విషయం చూడండి. ఆమె చాలాకాలం ఇస్లాంను ఒప్పుకోలేదు. ఒకరోజు ప్రవక్త (స) గురించి వినరాని మాట అంటే ఆయన ఏడుస్తూ వెళ్ళి ఆమె కోసం దుఆ చేయమని అర్థించారు. ఇంటికి తిరిగి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆమె స్నానం చేసి, తలుపు తీసి, కలిమా చదివింది. ఈసారి సంతోషంతో ఏడుస్తూ మళ్ళీ ప్రవక్త (స) వద్దకు పరుగెత్తారు. తల్లి బ్రతికి ఉన్నంతకాలం, ఆమెను విడిచి ఉండలేక, ఆయన హజ్‌కు కూడా వెళ్ళలేదని సహీహ్ ముస్లింలో ఉంది.

ప్రవక్త (స) సాన్నిధ్యంలో ఆయన గడిపినది 4 సంవత్సరాల లోపే. కానీ ఉల్లేఖనాల లెక్క 5,374 అని ప్రసిద్ధం. ఒకే హదీసు వేర్వేరు పరంపరలతో వచ్చినవి కూడా ఈ సంఖ్యలో కలిసి ఉన్నాయి. ఇతరులు బజారులో, తోటలలో పని చేసుకుంటుంటే తాను కడుపుకు దొరికినదే చాలనుకుని ప్రవక్త (స)ను అంటిపెట్టుకుని ఉన్నానని ఆయనే కారణం చెప్పారు.

ఆ ఉల్లేఖనాలలో మూగజీవాలకు ఎంత చోటు ఉందో గమనించారా? దాహంతో తడిమట్టిని నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి, మేజోడులో నీరు నింపి, నోట కరుచుకుని పైకెక్కి దాని దాహం తీర్చినందుకు పాపాలు మన్నించబడిన మనిషి వృత్తాంతం ఆయన చెప్పినదే. చీమ కుట్టిందని మొత్తం పుట్టను కాల్పించిన ఒక పూర్వ ప్రవక్తను అల్లాహ్ మందలించిన సంగతీ ఆయన చెప్పినదే. అల్లాహ్ తన కారుణ్యాన్ని 100 భాగాలు చేసి ఒక్క భాగం భూమికి దించాడని, గుర్రం తన పిల్లకు తగలకుండా గిట్ట ఎత్తేది కూడా ఆ ఒక్క భాగం వల్లనేనని తెలిపే హదీసు కూడా ఆయన ద్వారానే మనకు చేరింది.

ఇక పిల్లిని కట్టేసి చంపిన స్త్రీ నరకానికి పోయిన హదీసు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి)తో పాటు హజ్రత్ అబూ హురైరా (రజి) కూడా దీని ఉల్లేఖకులు. ఆమె పిల్లిని బంధించింది. తిండి పెట్టలేదు. నేల మీది పురుగు పుట్రను తిని బ్రతకడానికి వదలనూ లేదు. ఆమె కాఫిర్ అయి ఉంటుందని కొందరన్నా, ఆమె ముస్లిమే, ఈ పాపం వల్లనే శిక్షకు గురైంది అన్నదే సరైన అభిప్రాయమని ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) రాశారు.

ఈ హదీసును మనం సాధారణంగా క్రూరత్వం గురించిన హెచ్చరికగా చదివి ముందుకు పోతాం. పిల్లుల సేవ చేసేవారు కాసేపు ఆగి చదవాలి. అక్కడ రెండు దారులు చూపబడ్డాయి: పోషించు, లేదా వదిలిపెట్టు. పట్టుకోవడం ఒక్కటే హక్కు కాదు. గూటిలో ఉన్న కూనకు మంచి ఇల్లు దొరికినప్పుడు, నా మనసు ఒప్పుకోదని దాన్ని ఆపుకోవడం ప్రేమలాగే కనిపిస్తుంది, కానీ ఆ తాడు ఒక కొస మన మనసుకే కట్టి ఉంటుంది. ఒకరికి చూసుకునే శక్తి నాలుగింటికే ఉంటే, విడవలేక 14 చేర్చుకుని అన్నింటినీ అర్ధాకలితో ఉంచడమూ ఇటువంటిదే. అది అమానతు. అమానతును అప్పగించేటప్పుడు చేయి వణకవచ్చు, అప్పగించకుండా ఉండరాదు.

మరి ఆ తరువాత వచ్చే దుఃఖం? హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే పసివాడికి ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయింది. పిల్లవాడు దిగులుగా కూర్చుని ఉంటే ప్రవక్త (స) కారణం అడిగి తెలుసుకున్నారు. ఆ పిట్ట పేరుకు ప్రాస కుదిరేలా వాణ్ణి పలకరించి, దాని సంగతి ఏమైందని ముద్దుగా అడిగారు. రాజ్య వ్యవహారాలు, యుద్ధాలు, రాయబారాలు చూసే మనిషి ఒక పిట్ట కోసం పరామర్శ చేశారు. కనుక పెద్దలు ఆ నవ్వు కొంచెం తగ్గించుకోవడం మంచిది.

ఇక్కడే మరో మాట. పిల్లిని ప్రేమించడం ఈమాన్‌లో భాగమని ప్రవక్త (స) అన్నట్టు ఒక వాక్యం ప్రచారంలో ఉంది. అది కల్పితమని హదీసు పండితులు తేల్చారు. ముఇజ్జా అనే పిల్లి నిద్ర చెడకుండా ప్రవక్త (స) తమ అంగీ చేతిని కత్తిరించుకున్నారన్న కథకు కూడా విశ్వసనీయ గ్రంథాలలో ఆధారం లేదు. వినడానికి ఎంత బాగున్నా వాటిని ప్రవక్త (స)కు అంటగట్టరాదు. నిజమైనవే మనకు చాలినన్ని ఉన్నాయి. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేయబోతుండగా పిల్లి వస్తే, అది తృప్తిగా తాగేదాకా గిన్నెను వంచి పట్టుకున్నారు. కోడలు వింతగా చూస్తే, పిల్లి అశుద్ధం కాదని, మన మధ్య తిరుగాడే వాటిలో ఒకటని ప్రవక్త (స) చెప్పిన సంగతి ఆమెకు తెలియజేశారు.

మన ఎల్లారెడ్డి వైపు పోచారం ప్రాజెక్టు నీటి కింద వరి పండుతుంది. వడ్ల బస్తాలు ఇంట్లో ఉన్నన్నాళ్ళు పిల్లి అందరికీ కావాలి. అదే పిల్లి అటక మీద నాలుగు కూనలు పెడితే గోనెసంచిలో వేసి ఊరవతల వదిలిరావడం చాలా చోట్ల ఉన్న అలవాటే. కళ్ళు తెరవని కూనలకు అది వదిలిపెట్టడం కాదు. పాలు మరిచి, సొంతంగా తినగలిగే దాకా తల్లి దగ్గర ఉంచాలి, ఆపై అడిగినవారికి ఇవ్వాలి. ఇక సంతతి పెరగకుండా పిల్లికి ఆపరేషన్ చేయించడం గురించి సందేహపడేవారికి ఫతావా ఆలంగీరీలోనే దారి ఉంది. ప్రయోజనం ఉన్నా, హాని తొలగించడానికైనా మగపిల్లి వృషణాలు తీయించడంలో దోషం లేదని అందులో ఉంది.

సంరక్షణను మనసు మీద వదిలేయకుండా ఏర్పాటుగా మార్చిన ఉదాహరణ కూడా మన చరిత్రలో ఉంది. 1260 నుండి 1277 వరకు ఈజిప్టును పాలించిన సుల్తాన్ బైబర్స్ కైరో నగరం వెలుపల, తన మస్జిద్ దగ్గర, ఒక తోటను దిక్కులేని పిల్లుల పోషణకు ఇచ్చాడు. పిల్లుల తోట అనే పేరే దానికి స్థిరపడింది. 1830లలో కైరోలో నివసించిన ఆంగ్లేయ రచయిత ఎడ్వర్డ్ లేన్ దీన్ని రాశాడు. అప్పటికి తోట చేతులు మారి మారి దాని రాబడి నామమాత్రమైంది. అయినా నగర ఖాజీ కచేరీ పెద్ద వాకిలిలో ప్రతిరోజూ అస్ర్ వేళకు పిల్లులకు మాంసం ముక్కలు వేయడం ఆగలేదు. ఖర్చు దాదాపుగా ఖాజీయే భరించేవాడు. పైన చెప్పిన ఇమామ్ నవవీ ఈ సుల్తాన్ కాలంవారే. ప్రజల మీద పన్నుల విషయంలో ఆయన్ను నిర్భయంగా మందలిస్తూ లేఖలు రాశారు. ఇద్దరూ ఒకే సంవత్సరంలో, 1277లో మరణించారు. పిల్లులకు తోట ఇచ్చినవాడికి మనుషుల విషయంలో జవాబుదారీ తప్పలేదు.

ఆ జవాబుదారీ హజ్రత్ అబూ హురైరా (రజి)కీ ఎదురైంది. హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ను బహ్రైన్‌కు అధికారిగా పంపారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వద్ద 10,000 ఉన్నాయి. ఖలీఫా కఠినంగా ప్రశ్నించారు. గుర్రాలు ఈనాయి, సేవకుల సంపాదన ఉంది, కానుకలు వచ్చాయి అని ఆయన చెప్పారు. విచారిస్తే అది నిజమని తేలింది. మళ్ళీ పదవి తీసుకోమంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. తరువాతి కాలంలో మర్వాన్ లేనప్పుడు మదీనా అధికారం చూసేవారు. అప్పుడు కూడా కట్టెల మోపు వీపున వేసుకుని బజారులో నడుస్తూ, అమీరుకు దారి ఇవ్వండని తనమీద తానే హాస్యమాడేవారు. ఒకప్పుడు ఏ ఇంట కూటికి కూలి చేశారో, ఆ ఇంటి బుస్రా బిన్తె గజ్వాన్‌నే తరువాత వివాహమాడారు. రాత్రిని మూడు భాగాలు చేసి ఆయన, భార్య, సేవకుడు వంతులవారీగా నమాజులో నిలబడేవారు. ఒకరు ముగించి మరొకరిని లేపేవారు.

చివరి జబ్బులో ఆయన ఏడ్చారు. ఈ లోకాన్ని విడిచిపోతున్నందుకు కాదని, ప్రయాణం దూరమని, చేతిలోని సామగ్రి తక్కువని, స్వర్గం వైపో నరకం వైపో ఎటు తీసుకుపోతారో తెలియదని చెప్పారు. ఆయన మరణించిన సంవత్సరం హిజ్రీ 57 అని, 58 అని, 59 అని మూడు అభిప్రాయాలున్నాయి. వయసు 78 ఏళ్ళు. మదీనా అధికారి వలీద్ బిన్ ఉత్బా జనాజా నమాజు చేయించాడు. జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.